నన్ను తిట్టని పైప్ మేజర్

మా ఇంట్లో తిట్లు తినకుండా పెరిగినవాళ్ళు లేరు. మా అమ్మ నోటికి జడిసి వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా తూకం సరిగ్గా వేసేది. తడి తువ్వాలు మంచం మీద పడేసినా, చర్చిలో వాక్యం చెబుతుండగా ఆవలించినా, ఇంటికొచ్చాక మా పని అయిపోయేది. చుట్టాలొస్తే మాత్రం ఆవిడే వేరే మనిషి. ఒక వేసవిలో పిన్ని కొడుకు మా ఇంటికి వస్తే మొదటి రెండు రోజులూ "ఇంకో ముద్ద తిను నాన్నా" అంటూ నెత్తిన పెట్టుకుంది. మూడో రోజు వాడు కుళాయి కట్టేయడం మరిచిపోయి ట్యాంకు మొత్తం ఖాళీ చేశాడు. అమ్మ వాణ్ణి కూడా మాతోపాటు నిలబెట్టి ఉతికి ఆరేసింది. వాడు బిక్కమొహం వేశాడు గానీ, ఆ సాయంత్రం నుంచి ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చుట్టానికీ ఇంట్లో మనిషికీ తేడా ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సంగీతంలో నేను అందరికంటే ఎక్కువగా గౌరవించిన మనిషి నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. మిగతా అందరినీ తిట్టాడు. నన్ను తిట్టలేదు. ఆ బాధ నాతోపాటు స్కాట్లాండ్ నుంచి అమెరికా దాకా వచ్చింది.

ఆయన పైప్ మేజర్. అంటే బ్యాగ్‌పైప్ బృందానికి నాయకుడు. సైన్యంలో పాతికేళ్ళు చేసి రిటైరై, మా ఊరి విశ్వవిద్యాలయాల్లో చదువుతూనే సైనిక అధికారి శిక్షణ తీసుకునే విద్యార్థుల బ్యాండుకు నేర్పేవాడు. మా ఊరు అంటున్నాను, చూశారా. అది స్కాట్లాండులో నేను మాస్టర్స్ చదివిన ఊరు. అక్కడ ఉన్నది మూడేళ్ళే అయినా నా నోటికి అది మా ఊరే.

బ్యాగ్‌పైప్‌ను దగ్గరగా చూడనివాళ్ళకు రెండు మాటలు చెబుతాను. చంకలో ఒక గాలి తిత్తి ఉంటుంది. వేళ్ళ కింద పాట పలికే గొట్టం చాంటర్. భుజం మీదకు లేచి ఉండే మూడు గొట్టాలు డ్రోన్లు. అవి మన శ్రుతిపెట్టెలాగా మొదటి నుంచి చివరి దాకా ఒకే స్వరం పట్టుకుని ఉంటాయి. నేను చిన్నప్పటి నుంచి చర్చిలో హార్మోనియం వాయించినదాన్ని. ఆ ఊరికి వెళ్ళిన రెండో వారంలో, వానలో తడుస్తూ బస్సు కోసం నిలబడి ఉంటే, ఎక్కడో గోడల వెనక నుంచి పది పన్నెండు డ్రోన్లు ఒక్కసారిగా లేచాయి. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

నా పక్క గదిలో ఉండే అమ్మాయి ఆ బ్యాండులోనే డ్రమ్ము వాయించేది. మంగళవారం నన్ను వాళ్ళు సాధన చేసే డ్రిల్ హాలుకు వెంటబెట్టుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గరే ఆయన ఎదురయ్యాడు. పొట్టి మనిషి, ఎర్రటి మొహం, కనుబొమలు రెండూ మీసాల్లా ఉండేవి. నన్ను నేను పరిచయం చేసుకుని, నేర్చుకోవాలని ఉందని చెప్పాను. ఆయన నా చేతులు చూసి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, తిత్తి లేని చిన్న చాంటర్ ఒకటి నా చేతికిచ్చాడు. అక్కడ అందరి చదువూ ఆ బల్ల దగ్గరే మొదలవుతుంది. నెలల తరబడి బల్ల చుట్టూ కూర్చుని వేళ్ళు సాధన చేసి, అవి మాట వింటాయని ఆయనకు నమ్మకం కుదిరాక గానీ అసలు పైపులు చంకలోకి రావు.

ఒక సంగతి మాత్రం మొదటే తేలిపోయింది. శిక్షణలో సంతకం చేసి చేరినవాళ్ళకే ఆ బ్యాండు కిల్టు అనే గళ్ళ లంగా, టోపీ. నాలాంటి విద్యార్థి వీసా మనిషికి అది కుదరదు. ప్రాక్టీసుకు మాత్రం బయటివాళ్ళం ఒకరిద్దరం రావచ్చు. అది వాళ్ళ నియమం, దాని మీద నాకు కోపం లేదు. నవంబరులో యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే రోజున బ్యాండు వీధిలో కవాతు చేస్తుంటే, నేను ఫుట్‌పాత్ మీద అందరి కోట్లూ, పైపుల పెట్టెలూ మోసుకుంటూ పక్కనే నడిచాను. మూడేళ్ళూ అదే పని చేశాను. కిల్టు లేకపోతే పీడా పోయింది అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. నాకు కావలసింది ఇంకొకటి.

పైప్ బ్యాండు ప్రేక్షకుల వైపు తిరిగి వాయించదు. గుండ్రంగా నిలబడి, లోపలికి మొహాలు పెట్టి, బయటివాళ్ళకు వీపులు చూపిస్తూ వాయిస్తుంది. అందరి కళ్ళూ పైప్ మేజర్ కాలి మీదే ఉంటాయి. ఆ కాలు నేలను తట్టినంతసేపూ పాట నడుస్తుంది. ఎవరైనా తప్పు వాయిస్తే మా పైప్ మేజర్ చేయి ఎత్తేవాడు కాదు, వెంటనే అరిచేవాడూ కాదు. లేపిన కాలు అలాగే గాలిలో ఆపేసేవాడు. దాన్ని చూసి బ్యాండు మొత్తం టక్కున ఆగిపోయేది. ఆ తర్వాత వేలు పెట్టి ఒకరిని చూపించేవాడు. వాళ్ళు గుండ్రం మధ్యలోకి వెళ్ళి, ఆ వరస ఒంటరిగా వాయించాలి. సరిగ్గా వచ్చేదాకా వాయించాలి. అప్పుడు మొదలయ్యేది అరుపు. ఆ ఊరి ఇంగ్లీషు సగం నాకు అర్థమయ్యేది కాదు గానీ, తిట్టని తెలియడానికి భాష అక్కర్లేదు.

ప్రాక్టీసయ్యాక పబ్బులో కూర్చుని ఆ పిల్లలు తమ తిట్లు చెప్పుకుంటుంటే మెడల్స్ లెక్కపెట్టుకుంటున్నట్టు ఉండేది. ఈ వారం నేను రెండుసార్లు మధ్యలోకి వెళ్ళానని ఒకడంటే, నా మోచెయ్యి కోడి రెక్కలా ఉందన్నాడని ఇంకొకర్తె. అందరూ నా వైపు చూసి, నీకేం, నిన్ను ఎప్పుడూ ఏమీ అనడు, నువ్వు అదృష్టవంతురాలివి అనేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. నా గ్లాసులో ఆరెంజ్ జ్యూసు ఉండేది.

నేను తప్పులు వాయించక కాదు. బోలెడు వాయించాను. ఏడాది తర్వాత పైపులు చేతికొచ్చి గుండ్రంలో నిలబడ్డాక, నా తప్పు నాకే వినిపించేది. ఆయన కాలు మాత్రం ఆగేది కాదు. పాట అయ్యాక నా వెనకగా వచ్చి, చెవి డ్రోన్ల దగ్గర పెట్టి, రెండు వేళ్ళతో ఒకదాన్ని వెంట్రుకవాసి సర్ది, "బాగుందమ్మాయ్, చాలా బాగుంది" అని ముందుకెళ్ళిపోయేవాడు. ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒక మంగళవారం ఇక ఉండబట్టలేక కావాలనే తప్పు వాయించాను. చిన్న తప్పు కాదు, రెండో వరస వాయించాల్సిన చోట నాలుగో వరస వాయించాను. పక్కనున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. కాలు ఆగింది. ఆయన నన్ను చూశాడు, ఆ కనుబొమల కింద నుంచి కాసేపు చూశాడు. పరవాలేదన్నట్టు తల ఊపి, మళ్ళీ మొదటి నుంచి అందుకోమన్నాడు. అంతే. ఆ రోజు గదికి వెళ్ళి పైపుల పెట్టెను మంచం కిందికి తన్నాను.

ఏటా వాళ్ళకు ఒక పెద్ద విందు ఉండేది. గొర్రె కడుపులో వండిన కూరను పళ్ళెంలో పెట్టి, ముందు పైపులు మోగుతుంటే ఊరేగింపుగా తెచ్చేవాళ్ళు. చివర్లో రెండు చెవుల గిన్నెలో పోసిన విస్కీని పైప్ మేజర్ ఒక్క గుక్కలో తాగి, గిన్నె బోర్లించి దాని అడుగును ముద్దుపెట్టుకునేవాడు. ఒక్క చుక్క కూడా మిగల్లేదని అందరికీ చూపించడమట. నాకు ఆ విందులో అతిథుల బల్ల దగ్గర చోటు. కుర్చీ ముందు కార్డు మీద నా పేరు అందంగా రాసి ఉండేది. బ్యాండు పిల్లలు కూర్చునే పొడుగాటి బల్ల మీద కార్డులు లేవు. ఎవరి చోటు ఎక్కడో వాళ్ళకు తెలుసు.

చదువయ్యాక ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఇంకో రెండేళ్ళు ఉన్నాను. తర్వాత వీసా అయిపోయింది. వెళ్ళిపోయేవాళ్ళను ఆయన చివరి మంగళవారం మధ్యలో నిలబెట్టి, వాళ్ళు చేరిననాటి నుంచి చేసిన తప్పులన్నీ పేరుపేరునా చదివేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు, మధ్యలో ఉన్నవాళ్ళు నవ్వుతూనే ఏడ్చేవాళ్ళు. నా చివరి మంగళవారం నేనూ మధ్యలోకి వెళ్ళాను. ఆయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, నీతో వాయించడం మాకు సంతోషంగా ఉండేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను థాంక్యూ అన్నాను. మర్నాడు రైల్లో కిటికీకి తల ఆనించి ఏడ్చాను.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. పెళ్ళయింది, నేపర్‌విల్‌లో ఇల్లయింది. పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాం. వారానికి మూడు రోజులు రైలెక్కి షికాగో వెళ్ళి, ఒక హాస్పిటల్ కంపెనీ సాఫ్ట్‌వేర్ పని చూస్తాను. ఆదివారం అరోరాలో తెలుగు చర్చికి వెళ్ళి కీబోర్డు వాయిస్తాను. గురువారం సాయంత్రం మాత్రం నాది. ఇక్కడికి దగ్గర్లో ఒక పైప్ బ్యాండు ఉంది. అందులో ఒక డెంటిస్టు, ఇద్దరు ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు, ఒక హైస్కూల్ లెక్కల టీచరు, ఇంకా నాలాంటివాళ్ళం కొందరం. ఆరేళ్ళ కిందట చేరాను. ఇక్కడ కిల్టుకు సంతకాలు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో కొలతలు పంపిస్తే ఇంటికి వస్తుంది.

వీళ్ళు ఎంత మంచివాళ్ళో చెప్పలేను. ఆ మంచితనమే నా ప్రాణానికి వచ్చింది. ఇక్కడ ఏం వాయించినా గ్రేట్ జాబే. డెంటిస్టు డ్రోను ప్రతి గురువారం శ్రుతి తప్పి దూడలా అరుస్తుంది. ఆసమ్, గైస్. లెక్కల టీచరు ముగింపు దగ్గర అందరికంటే ఒక అర క్షణం ఆలస్యంగా ఆపుతుంది. లవ్డ్ ఇట్. అందరూ ఆపేశాక ఒక్క డ్రోను మాత్రం గాలిలో మిగిలిపోవడమంటే మా డ్రిల్ హాల్లో పరువు పోయినట్టే. ఇక్కడ దానికి నవ్వుకుని, కుకీలు తిని, కార్లెక్కి ఇళ్ళకు వెళ్ళిపోతాం. నేను కారులో కూర్చుని, గాలిలో ఆగిపోయిన ఆ కాలిని తలుచుకునేదాన్ని. ఆ హాల్లో పైపుల దారానికి పూసే మైనం వాసన, తడి ఉన్ని వాసన కావాలనిపించేది. అక్కడ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆయన వేలు నా వైపు తిరిగి ఉంటే బాగుండేదనిపించేది. నలభై దాటిన మనిషి తిట్ల కోసం మొహం వాచిపోవడం ఏమిటని నాకే నవ్వొచ్చేది.

పోయిన వేసవిలో ఈ దగ్గర్లో జరిగే స్కాటిష్ ఆటల పోటీకి పైపుల జడ్జీగా ఆయన వస్తున్నాడని తెలిసింది. దానికి ముందు రెండు రోజులు మా బ్యాండుకు క్లాసు చెబుతాడట. ఆయనకు ఎవరి ఇంట్లో బస ఏర్పాటు చేద్దామని బ్యాండులో అడగడం పూర్తికాకముందే నేను చెయ్యెత్తాను. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా, "గెస్ట్ రూంల నా మానిటర్లు తీసెయ్యాల్నా ఏంది ఇప్పుడు?" అన్నాడు. ఆయనది వరంగల్ వైపు. తీసెయ్యాలన్నాను. తీసేశాడు.

ఎయిర్‌పోర్టులో పైప్ మేజర్‌ను చూసి గుండె కలుక్కుమంది. డెబ్బై దాటాయి. ఇంకా పొట్టి అయ్యాడు. కనుబొమలు తెల్లబడ్డాయి గానీ అలాగే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు, పేరు కూడా సరిగ్గా పలికాడు. ఇంటికొచ్చాక టమాటా పప్పు, అన్నం పెట్టాను. చేత్తో తింటానని పట్టుబట్టి, చొక్కా మీద పోసుకున్నాడు. నేను పరవాలేదు, పరవాలేదు అంటూ తువ్వాలు తెచ్చిచ్చాను. అప్పుడే నాకు తట్టింది, ఈ ఇంట్లో ఇప్పుడు చుట్టం ఆయనే.

మర్నాడు శుక్రవారం, ఆ మర్నాడు శనివారం క్లాసు. మా బ్యాండును గుండ్రంగా నిలబెట్టాడు. పాట మొదలై అర నిమిషం కాకముందే కాలు గాలిలో ఆగింది. ఆగాలని మావాళ్ళకు తెలియదు కదా, నేనొక్కదాన్నే ఆగిపోయాను. మిగతావాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డట్టుగా ఆగారు. డెంటిస్టును మధ్యలోకి పిలిచి, ఆ డ్రోనుకు పంటి నొప్పి వచ్చిందా, పీకి పారేయమంటావా అని అడిగాడు. లెక్కల టీచరును అంకెలు పన్నెండు దాకా వచ్చా అని అడిగాడు. నేను బెదిరిపోయాను, వీళ్ళు ఇలాంటివి పడరు, లేచి వెళ్ళిపోతారని. ఎవరూ వెళ్ళలేదు. భోజనాల దగ్గర డెంటిస్టు ఎర్రబడిన మొహంతో, ఇరవై ఏళ్ళలో తనకు నిజం చెప్పిన మొదటి మనిషి ఈయనే అని అందరికీ చెప్పుకుంటున్నాడు. రెండు రోజుల్లో మా బ్యాండులో ప్రతి ఒక్కరూ మధ్యలోకి వెళ్ళొచ్చారు.

నేను తప్ప. శనివారం క్లాసు అయిపోయేముందు నా వెనకగా వచ్చాడు. చెవి డ్రోన్ల దగ్గర పెట్టాడు. రెండు వేళ్ళతో డ్రోను సర్దాడు. "బాగుందమ్మాయ్."

ఇంటికి వచ్చాం. వంట చేశాను గానీ ఉప్పు వేశానో లేదో గుర్తులేదు. అందరం భోజనానికి కూర్చుంటే మా అమ్మాయి కంచం పక్కన ఫోన్ పెట్టుకుని చూస్తోంది. దానికి పదకొండేళ్ళు. ఆ రోజంతా లోపల కుతకుతలాడుతున్నదంతా దాని మీదకు పోయింది. ఇంటికి పెద్దమనిషి వస్తే ఇలాగేనా కూర్చోవడం, ఆ ఫోన్ తీసి పొయ్యిలో పడేస్తాను అని మా అమ్మ గొంతుతోనే ఎడాపెడా వాయించేశాను. అది "సారీమ్మా, ఐ వజ్ జస్ట్ చెకింగ్" అని గొణిగి, గబగబా తినేసి పైకి వెళ్ళిపోయింది. మా ఆయన గిన్నెలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను పైప్ మేజర్‌ను క్షమించమన్నాను, మీ ముందు అరిచాను అన్నాను. ఆయన నవ్వి, క్షమించేదేముంది, మన పిల్లలను మనం కాక ఎవరు తిడతారు అన్నాడు.

అంతే, నా నోరు ఆగలేదు. మరి నన్నెందుకు తిట్టలేదు అని అడిగేశాను. మూడేళ్ళు ప్రతి మంగళవారం వచ్చాను, ఒక్కసారి కూడా మధ్యలోకి పిలవలేదేం, ఈ రెండు రోజులూ కూడా అందరినీ పిలిచి నన్ను మాత్రం వదిలేశారేం అన్నాను.

ఆయన టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు మొదటిసారి గుమ్మంలోకి వచ్చినప్పుడు నీ పేరు కంటే ముందు ఒక తేదీ చెప్పావు," అన్నాడు. "నీ వీసా ఫలానా రోజు దాకా ఉంది, ఆ తర్వాత వెళ్ళిపోతాను, పరవాలేదా అని అడిగావు. మరుసటి ఏడు వచ్చి ఇంకో తేదీ చెప్పావు. ఉంటానని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెయ్యి సరిచేయడమంటే ముందు దాన్ని చెడగొట్టాలమ్మాయ్. సగంలో వదిలితే మనిషి వాయించడమే మానేస్తుంది. వెళ్ళిపోయే పిల్ల, ఉన్నదాంతో సంతోషంగా వాయించుకోనీ అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. అది దయట. ఆ దయతోనే మూడేళ్ళు నన్ను గుమ్మంలో నిలబెట్టాడు. ఏదో గట్టిగా అనబోయాను. కానీ ఆయన చెప్పింది నిజం. నేను అలాగే చెప్పి ఉంటాను. ఇప్పటికీ అలాగే చెబుతాను. ఈ బ్యాండులో చేరినప్పుడు నా మొదటి మాట, నేను హెచ్ వన్ వీసా మీద ఉన్నాను, ఎప్పటిదాకా ఉంటానో తెలియదు అని. చర్చిలో కీబోర్డు ఒప్పుకున్నప్పుడూ అదే మాట. గ్రీన్ కార్డు లైన్లో మా వంతు ఎప్పుడో ఎవరికీ తెలియదు, మూడేళ్ళకోసారి ఒక కాగితం వస్తుంది, ఆ కాగితం మీద తేదీయే నా ఇంటిపేరు అయిపోయింది. పన్నెండేళ్ళుగా ఉన్న ఇంట్లో గోడకు ఒక్క మేకు కొట్టలేదు. పటాలన్నీ నేల మీద గోడకు ఆనించి ఉంటాయి. అమ్మాయి పియానో కూడా అద్దెదే. నన్ను ఎవరూ అతిథుల బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మరి ఇక్కడ?" అన్నాడు ఆయన. "ఇక్కడ ఉంటున్నావా?"

ప్రస్తుత వీసా ఎక్స్‌టెన్షన్ వచ్చే మార్చి దాకా, అని నా నోట్లోంచి మాట బయటికి వచ్చేసింది. అక్కడే ఆపేశాను. సింకు దగ్గర నీళ్ళ చప్పుడు కూడా ఆగింది. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నాడు.

"ఉంటున్నాను," అన్నాను.

అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఆ మాట అనే హక్కు నాకు ఉందో లేదో కూడా తెలియదు. జీవితంలో ఆ మాట మొదటిసారి అన్నాను.

పైప్ మేజర్ కప్పు బల్ల మీద పెట్టేసి, "అయితే పైపులు తే," అన్నాడు.

ఇంట్లో పైపులు ఊదితే చెవులు పోతాయి కాబట్టి నేను గరాజ్‌లో సాధన చేస్తాను. పక్కింట్లో పసిపిల్ల ఉంది, ఎనిమిది కొట్టేసరికి ఆపేస్తానని వాళ్ళకు మాటిచ్చాను. గరాజ్‌లోకి వెళ్ళేసరికి ఏడూ ఇరవై. ఎండ ఇంకా ఉంది. కార్లు బయట పెట్టించి, ఖాళీ నేల మధ్యలో నన్ను నిలబెట్టి, పెయింట్ డబ్బా మీద కూర్చున్నాడు. కాలు తట్టడం మొదలుపెట్టాడు. నేను అందుకున్నాను. మొదటి వరస దాటి రెండో వరసలోకి వచ్చాను.

కాలు గాలిలో ఆగింది.

"ఆ చిటికెన వేలు ఏమిటి?" అన్నాడు. "రాణిగారితో టీ తాగుతున్నావా? అది అలా ఆకాశంలో ఎందుకుంది?"

అది హార్మోనియం అలవాటు. కుడి చేతి చిటికెన వేలు పైకి లేచి బిగుసుకుపోతుంది. నేనెప్పుడూ చూసుకోలేదు. ఆయన మొదటి రోజు బల్ల దగ్గరే చూశాడట. చూసి, పదహారేళ్ళు ఊరుకున్నాడు. ఆ వేలి వల్లే నీ కింది స్వరాలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి, చెయ్యి మొత్తం చెక్కలా ఉంది, ఇంత చెవి పెట్టుకుని ఇన్నేళ్ళు దీన్ని ఎలా భరించావని మొదలుపెట్టాడు. "మళ్ళీ" అన్నాడు. వాయించాను. కాలు ఆగింది. మళ్ళీ. ఆగింది. మోచెయ్యి, ఊపిరి, నిలబడే తీరు, ముగింపు, దేన్నీ వదల్లేదు. గొంతు పెరిగింది. ఆ ఊరి ఇంగ్లీషు సగం నాకు ఇప్పుడూ అర్థం కాలేదు. తలుపు తెరుచుకుని మా ఆయన తొంగిచూసి, "ఏమైంది, గట్ల ఒర్లుతుండేంది?" అన్నాడు గాబరాగా. వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశాను.

ఏ నిమిషంలో ఏడుపు మొదలైందో తెలియదు. ఏడుస్తూ పైపులు ఊదడం కుదరదు, పెదవులు బిగవవు, గాలి పక్కల నుంచి పోతుంది. దానికి కూడా తిట్టాడు. ఏడవాలంటే పాట అయ్యాక ఏడువు, తిత్తిలోకి తడి పోతోంది అన్నాడు. నేను ముక్కు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాను. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. చివరికి ఆ వరస ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కాలు ఆగకుండా చివరి దాకా వెళ్ళింది. ఆయన బాగుందనలేదు. గోడ మీద గడియారం చూసి, ఎనిమిదయింది, పసిపిల్ల నిద్రపోవాలి అన్నాడు.

ఆదివారం పోటీలయ్యాక ఎయిర్‌పోర్టులో దింపాను. పైపుల పెట్టె భుజానికి తగిలించుకుని, చిటికెన వేలు సరిగ్గా రావడానికి రెండేళ్ళు పడుతుంది, రోజూ చెయ్యాలి, ఒంటరిగా చేస్తే మళ్ళీ లేస్తుంది, ఎవరైనా ఎదురుగా కూర్చుని చూస్తుండాలి అని చెప్పాడు. ఎవరు చూస్తారని నేను అడగలేదు. మళ్ళీ ఎప్పుడొస్తారని కూడా అడగలేదు. ఈ వయసులో ఇంత దూరం ఇదే ఆఖరని కారులో ఆయనే చెప్పాడు. అద్దాల తలుపులు దాటి లోపలికి వెళ్ళిపోయాడు. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నేను అక్కడే ఉన్నాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం గరాజ్‌లో నిలబడి వాయిస్తున్నాను. ఎదురుగా ఎవరూ ఉండరు. వేలు లేచిందో లేదో నేనే వంగి చూసుకోవాలి, చూసుకుంటే పాట తప్పుతుంది. మూడేళ్ళు, వారం వారం, ఆ హాల్లో నాకు రావలసిన తిట్లు ఎన్ని ఉన్నాయో. అవన్నీ తిట్టడానికి అప్పుడు ఆయనకు ఓపిక ఉంది, తినడానికి నాకు వయసు ఉంది. దక్కింది నలభై నిమిషాలు. ఆ రోజు గుమ్మంలో నా పేరొక్కటి చెప్పి ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది.